కొత్త యంత్రం – పాత డిస్కు

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నది తెలుగువారికి తరతరాలుగా తెలిసిన సామెత. మానవ స్వభావంలోని ఒక బలహీనతను అది నాలుగు మాటలలో పట్టి చూపుతుంది. కొత్త వస్తువు ఇంటికి రాగానే పాతది అటక ఎక్కుతుంది. ఆ పాత వస్తువుకు ఇంకా ఎంత ఆయువు మిగిలి ఉన్నదో, కొత్త వస్తువుతో పాటు ఏయే నిబంధనలు ఇంట్లో అడుగుపెట్టాయో ఆలోచించే తీరిక చాలామందికి ఉండదు. పాత్రలు, వస్త్రాల విషయంలో ఈ అలసత్వం వల్ల కలిగే నష్టం స్వల్పమే. మనిషి ఆలోచనలను, రాతలను భద్రపరిచే కంప్యూటర్ విషయంలో మాత్రం అది చిన్న నష్టం కాదు. తెనాలిలో నివసించే ఒక విశ్రాంత తెలుగు పండితునికి 2009వ సంవత్సరంలో ఎదురైన అనుభవం ఈ సంగతిని చక్కగా విశదం చేస్తుంది.

ఆయన ముప్పై మూడేళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ పదాల సంపుటం, ఆయనకు అత్యంత ప్రీతిపాత్రమైన గ్రంథం. ఆ స్ఫూర్తితో తన ప్రాంతంలోని పల్లెలలో వినిపించే సేద్యపు మాటలను సేకరించాలని సంకల్పించారు. కాడి, మేడి, కర్రు, గుంటక, గొర్రు మొదలైన పనిముట్లు ట్రాక్టర్ల రాకతో పొలాల నుండి తొలగిపోతున్నాయి. వస్తువు పోతే దాని పేరు కూడా మనుషుల నోట నిలవదు. ఆ మాటలు తెలిసిన వృద్ధులు ఒక్కొక్కరుగా కనుమరుగు కాకముందే వాటిని గ్రంథస్థం చేయాలన్నది ఆయన తపన. ఊరూరా తిరిగి విన్న మాటలను సాయంత్రం ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో నమోదు చేసుకునేవారు.

ఆ కంప్యూటర్‌ను ఆయన 2004లో కొన్నారు. దానితో పాటు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2003 అనే సాఫ్ట్‌వేర్‌ను కూడా, పెట్టెతో సహా, పూర్తి ధర చెల్లించి తీసుకున్నారు. ‘ఒక డిస్కుకు ఇంత ధరా!’ అని ఇంట్లోనివారు ఆశ్చర్యపోయారు. పండితుడు మాత్రం ఆ పెట్టెను, దాని మీద అతికించిన ఇరవై అయిదు అక్షరాల సంకేతాన్ని భూమి పత్రంలా భద్రంగా బీరువాలో దాచారు. అయిదేళ్ల తరువాత, 2009 వేసవిలో, ఒకనాటి రాత్రి విద్యుత్తు హెచ్చుతగ్గులకు ఆ కంప్యూటర్ కాలిపోయింది. అదృష్టవశాత్తు సమాచారం నిలువ ఉండే హార్డ్ డిస్కుకు హాని కలగలేదు. జూన్ నెలలో ఆయన ఒక కొత్త లాప్‌టాప్ కొన్నారు. అంగడివారు పాత పత్రాలన్నింటినీ అందులోకి ఎక్కించి ఇచ్చారు.

“రాతకోతల ప్రోగ్రామ్ ఇందులో ముందే వేసి ఉందండీ మాస్టారూ! ఇంటికి వెళ్లి పని మొదలుపెట్టుకోవడమే” అన్నాడు అంగడి యజమాని.

ఆ మాట అబద్ధం కాదు. అది సంపూర్ణ సత్యం కూడా కాదు. లాప్‌టాప్‌లో ఉన్నది ఆఫీస్ 2007 అనే తరువాతి కూర్పు. అయితే అది అమ్మిన ప్రతి కాదు, అరవై రోజుల పాటు వాడి చూడడానికి ఇచ్చిన నమూనా ప్రతి. మొదటిసారి తెరిచినప్పుడే తెర మీద ఆ నిబంధన స్పష్టంగా కనిపించింది. పండితుడు దాన్ని చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట నొక్కి ముందుకు సాగారు. విద్యార్థులకు ప్రశ్నపత్రాన్ని ఆసాంతం చదివి కానీ కలం పట్టవద్దని మూడు దశాబ్దాలు బోధించిన వ్యక్తి, తన వంతు వచ్చినప్పుడు ఆ పాఠాన్ని మరచిపోయారు.

కొత్త ప్రోగ్రామ్ హంగులు ఆయనను ఆకట్టుకున్నాయి. రెండు నెలల్లో దాదాపు నలభై పుటల కొత్త సమాచారం చేర్చారు. ఈ పుటలకు ఆధారం సమీప గ్రామంలోని ఎనభై అయిదేళ్ల రైతు. ఆ వృద్ధుడు అప్పటికే మంచం పట్టి ఉన్నాడు. అయినా పండితుడు వెళ్లగానే లేచి కూర్చుని ఒక్కొక్క పనిముట్టు గురించి ఓపికగా వివరించేవాడు. ఆగస్టులో ఒకనాడు పండితుడు తాను రాసినదాన్ని చదివి వినిపిస్తుండగా ఆయన మధ్యలో చేయి ఎత్తి ఆపాడు.

“పంతులుగారూ! జడ్డిగం నాగలికి కాదండీ, గొర్రుకు ఉంటుంది. విత్తేటప్పుడు గింజలు అందులోనే గదా పోస్తాం! మీరు మార్చి రాసుకోవాల” అన్నాడు.

గింజలు పోసే ఆ చెక్క గిన్నెను పండితుడు నాగలిలోని ఒక భాగంగా నమోదు చేసి ఉన్నారు. తప్పును సరిదిద్దాలన్న తొందరలో ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరిచారు. పత్రం తెరుచుకున్నది. అక్షరాలు కనిపించాయి. కాని ఎంత ప్రయత్నించినా ఒక్క అక్షరం కూడా మారలేదు. గడువు ముగిసినదని, పని కొనసాగాలంటే ప్రోగ్రామ్‌ను కొనుగోలు చేయాలని తెర మీద సూచన కనిపించింది. ఇక ఆ ప్రోగ్రామ్‌లో పాత పత్రాలను చదవవచ్చు, కొత్తది రాయడానికి గాని, ఉన్నదాన్ని మార్చడానికి గాని వీలు లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లయింది ఆయన పరిస్థితి. తన చేతితో రాసిన తప్పు తన కళ్ల ముందే ఉన్నది. దాన్ని దిద్దే అధికారం తనకు లేదు.

మరునాడు ఆయన అంగడికి వెళ్లారు. కొత్త ప్రతి ధర విని, పింఛను లెక్క చూసుకుని మౌనంగా ఉండిపోయారు. పక్కనే పని చేసుకుంటున్న యువకుడు గొంతు తగ్గించి, “యాభై రూపాయల డిస్కు ఒకటి ఉందండీ మాస్టారూ. వేసేస్తాను, ఎవరూ అడగరు” అన్నాడు.

“అడిగేవారు లేకపోవడం వేరు, హక్కు ఉండడం వేరు నాయనా!” అని పండితుడు వెనుదిరిగారు.

ఆ సమాధానంలో పాత తరం వారి నీతితో పాటు చట్టం కూడా ఇమిడి ఉన్నది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం, దానికి తరువాత జరిగిన సవరణలు కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతులలో ఒకటిగా పరిగణిస్తాయి. దొంగప్రతి అని తెలిసి దాన్ని కంప్యూటర్‌లో వాడడం శిక్షార్హమైన నేరం. ఒకరి పుస్తకాన్ని మరొకరు దొంగతనంగా అచ్చు వేసుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. పైగా ఎవరు తయారు చేశారో తెలియని డిస్కులో ప్రోగ్రామ్‌తో పాటు వైరస్ కూడా ఉండే ప్రమాదం ఉన్నది.

స్వాతంత్ర్య దినోత్సవపు సెలవుకు గుంటూరు నుండి మనుమరాలు వచ్చింది. ఆమె అప్పుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. తాత చెప్పినదంతా విని ఆమె ఒకే ప్రశ్న వేసింది.

“తాతయ్యా, పాత కంప్యూటర్‌లో వాడిన డిస్కు ఏమయింది?”

“బీరువాలో ఉంది తల్లీ. పాతదాన్ని కొత్త యంత్రం ఒప్పుకుంటుందా?”

“యంత్రం సంగతి తరువాత చూద్దాం. ముందు దాని మీద మనకు హక్కు ఉందో లేదో చూద్దాం, పెట్టె తీయండి తాతయ్యా.”

పెట్టెలోని ఒప్పందాన్ని తాతా మనుమరాలు కలిసి మొదటి నుండి చివరి వరకు చదివారు. కంప్యూటర్ ఉత్పత్తిదారులు యంత్రంతో కలిపి ఇచ్చే ప్రతులు సాధారణంగా ఆ యంత్రానికే కట్టుబడి ఉంటాయి. అది చెడిపోతే వాటి మీద హక్కు కూడా దానితోనే ముగుస్తుంది. విడిగా పెట్టెతో కొన్న ప్రతి సంగతి వేరు. దాన్ని పాత యంత్రం నుండి తొలగించి మరొక యంత్రంలో వేసుకోవచ్చు. పండితుడు కొన్నది రెండవ రకం. అయిదేళ్ల క్రితం ఇంట్లోవారు దండుగ అనుకున్న ఖర్చు ఈనాడు అక్కరకు వచ్చింది.

మనుమరాలు తొందరపడలేదు. మొదట తాతగారి పత్రాలన్నింటినీ రెండు డిస్కులలోకి నకలు తీసి పక్కన పెట్టింది. తరువాత కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి గడువు తీరిన నమూనా ప్రతిని తొలగించింది. రెండు కూర్పులు ఒకే యంత్రంలో పక్కపక్కన ఉంటే, పత్రం మీద నొక్కగానే ఏది తెరుచుకోవాలో తేలక చిక్కులు వస్తాయి. ఒకటి తెరిచిన తరువాత మరొకటి తెరిస్తే, అది ప్రతిసారీ తనను తాను సర్దుకోవడానికి సమయం తీసుకుంటుంది. పాత కాపు ఖాళీ చేయనిదే కొత్త కాపు పొలంలో దిగలేడు కదా! ఇక్కడ కొత్తది ఖాళీ చేసి పాతదానికి చోటు ఇవ్వవలసి వచ్చింది.

యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించిన తరువాత ఆమె పాత డిస్కు పెట్టింది. విండోస్ విస్టా ‘దీన్ని అనుమతించవచ్చునా?’ అని అడిగింది. అనుమతించగానే స్థాపన మొదలయింది. పెట్టె మీది ఇరవై అయిదు అక్షరాలను తాతగారు ఒక్కొక్కటిగా చదివారు, మనుమరాలు నమోదు చేసింది. కొద్దిసేపటికి పాత ప్రోగ్రామ్ కొత్త తెర మీద ప్రత్యక్షమయింది. చిరకాలం దూరమైన మిత్రుడు వీధి అరుగు మీద కనిపించినట్లు పండితుని ముఖం వికసించింది.

కాని కథ అంతటితో ముగియలేదు. ప్రోగ్రామ్ యథార్థతను ఉత్పత్తిదారు వద్ద ధ్రువీకరించుకోవలసిన తతంగం ఒకటి ఉన్నది. అదే సంకేతం అంతకు ముందు వేరొక యంత్రంలో నమోదై ఉన్నందున టెలిఫోన్ మీద ఆ పని జరిపించవలసి వచ్చింది. తెర మీది పొడవైన అంకెల వరుసను పండితుడు తరగతిలో పద్యం చదివినంత స్పష్టంగా ఫోన్‌లో చదివారు. పాత కంప్యూటర్ కాలిపోయిందని, అందులో ఆ ప్రోగ్రామ్ ఇక లేదని చెప్పారు. అటు నుండి వచ్చిన అంకెలను మనుమరాలు నమోదు చేయగానే అనుమతి లభించింది. నిజమైన ప్రతి చేతిలో ఉన్నందువల్ల ఆయన ఏ ప్రశ్నకూ తడుముకోవలసిన అవసరం రాలేదు.

అసలు చిక్కు తరువాత ఎదురయింది. 2004 నుండి రాసిన పాత పత్రాలన్నీ తెరుచుకున్నాయి. కాని ఆ రెండు నెలలలో రాసిన నలభై పుటలు తెరుచుకోలేదు. కారణం వాటి రూపభేదం. ఆఫీస్ 2003 తన పత్రాలను డి.ఓ.సి. అనే రూపంలో దాచేది. ఆఫీస్ 2007తో డి.ఓ.సి.ఎక్స్. అనే కొత్త రూపం వచ్చింది. అనేక చిన్న ఫైళ్లను ఒక మూటలో కట్టి ఉంచినట్లు ఉంటుంది దాని నిర్మాణం. ఆ మూటను విప్పే విద్య పాత ప్రోగ్రామ్‌కు తెలియదు. నమూనా ప్రతి అరవై రోజులే ఉన్నా, ఆ అరవై రోజుల రాతలను తన కొత్త రూపంలోకి మలచి వెళ్లింది.

ఈ ఇబ్బందిని ముందుగా ఊహించి మైక్రోసాఫ్ట్ సంస్థ ఒక అనుకూలతా సాధనాన్ని అప్పట్లో ఉచితంగా అందించింది. పాత కూర్పులు కొత్త రూపంలోని పత్రాలను చదవడానికి, మార్చడానికి అది తోడ్పడేది. మనుమరాలు బజారులోని ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లి దానితో పాటు, 2007 సెప్టెంబరులో ఆఫీస్ 2003 కోసం విడుదలైన మూడవ సవరణల సంపుటాన్ని కూడా పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. రెండింటినీ స్థాపించిన పిమ్మట నలభై పుటలు చెక్కుచెదరకుండా తెరుచుకున్నాయి. ఆ సాయంత్రం పండితుడు అన్నిటికంటే ముందు ‘జడ్డిగం’ అన్న మాటను వెతికి పట్టుకున్నారు. ‘నాగలిలోని భాగం’ అన్నది కొట్టివేసి, ‘విత్తనాలు వేసే గొర్రుకు అమర్చే చెక్క గిన్నె’ అని రాశారు.

ఆ పదకోశం 2010 సంక్రాంతి నాటికి చిన్న పుస్తకంగా అచ్చయింది. పండితుడు మొదటి ప్రతిని ఆ వృద్ధ రైతు చేతిలో పెట్టారు. రైతుకు చదువు రాదు. “జడ్డిగం ఏ పుటలో ఉందండీ? వినిపించండి” అని అడిగాడు. పండితుడు చదివారు. ఆయన కళ్లు మూసుకుని విని, “ఇప్పుడు సరిపోయింది” అన్నాడు.

ఈ అనుభవం పండితుని ఆలోచనను చాలా దూరం తీసుకువెళ్లింది. సేద్యంలో సొంత పొలం ఉన్నది, కౌలు పొలం ఉన్నది. కౌలు తప్పు కాదు. పొలం లేని రైతుకు అది జీవనాధారం. కాని తాను దున్నుతున్నది కౌలు పొలమని, దానికి గడువు ఉన్నదని రైతుకు తెలుసు. సాఫ్ట్‌వేర్ వాడేవారిలో చాలామందికి ఆ తెలివిడి లేదు. నమూనా ప్రతి గడువున్న కౌలు వంటిది. పెట్టెతో కొన్నది కూడా సంపూర్ణమైన యాజమాన్యం కాదు. డిస్కు మనదైనా, ప్రోగ్రామ్ దాన్ని సృష్టించినవారిదే. మనం పొందేది కాలపరిమితి లేని వినియోగపు హక్కు. ఈ రెంటిలో ఏది తీసుకున్నా, పొలంలో పండిన పంట మాత్రం రైతుదే కావాలి. రచయితకు అతని రాతలే పంట. వాటిని తెరవడానికి, దిద్దడానికి ఎవరి గడువు కోసమో ఎదురుచూడవలసిన స్థితి రాకూడదు.

తెలుగువారికి ఈ హెచ్చరిక మరింత అవసరం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తెలుగు లిపికి యూనికోడ్ పద్ధతిలో ఆదరణ కల్పించింది. అంతకు ముందు చాలా ఏళ్లు తెలుగు అక్షరాల ఆకారాలను రోమన్ లిపి స్థానాలలో అమర్చిన ప్రత్యేక ఫాంట్లతోనే పని సాగింది. ఆ ఫాంట్ లేని యంత్రంలో అటువంటి పత్రం తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని రోమన్ అక్షరాలు కనిపిస్తాయి. పండితుడు 1990లలో డి.టి.పి. కేంద్రంలో కంపోజు చేయించిన వ్యాసాలు కొన్ని ఆ విధంగానే మూగబోయాయి. తాళపత్రాన్ని చెదలు తింటాయి. కంప్యూటర్ పత్రం చెదలు పట్టకుండానే చదవరానిదై పోగలదు.

పాతదాన్ని అంటిపెట్టుకుని ఉండడమే వివేకం అని దీని అర్థం కాదు. ఆఫీస్ 2003కు భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. సవరణలు ఆగిన ప్రోగ్రామ్‌లో బయటపడే లోపాలను దుర్మార్గులు ఉపయోగించుకునే ప్రమాదం ఉంటుంది. ఈ సంగతి తెలియగానే పండితుడు తన పాత మిత్రునికి వీడ్కోలు చెప్పారు. మనుమరాలి సలహాతో లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారారు. 2011లో తొలిసారి విడుదలైన ఈ ప్రోగ్రామ్‌ను ఎవరైనా ఎన్ని యంత్రాలలోనైనా చట్టబద్ధంగా వాడుకోవచ్చు. ఇది వాడే ఓపెన్ డాక్యుమెంట్ రూపం 2006లోనే అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. తన పత్రాలన్నింటినీ ఆయన ఆ రూపంలోకి మార్చి, ఒక్కొక్క దానికి కాగితం మీద కూడా ఒక ప్రతి తీసి ఉంచారు.

ఈ సమస్యకు కాలం చెల్లలేదు. నెలకు గాని, సంవత్సరానికి గాని చందా కట్టి వాడుకునే సాఫ్ట్‌వేర్ నేడు సర్వసాధారణమయింది. ఒకేసారి ధర చెల్లించి కొనే ప్రతులు కూడా లభిస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు, ఆఫీస్ 2016, 2019 కూర్పులకు సాధారణ ఆదరణ ముగిసింది. ఆ కారణంగా ఎందరో కొత్త కంప్యూటర్లు కొనవలసి వస్తున్నది. వాటిలో అనేకం నమూనా ప్రతులతోనే ఇంటికి చేరుతున్నాయి. చాలా కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే అర కూడా లేదు. పాత డిస్కు వాడదలచినవారు దానికి ఒక పరికరాన్ని విడిగా సమకూర్చుకోవాలి. వస్తువులు మారినా, పండితునికి ఆనాడు ఎదురైన ప్రశ్న మాత్రం అదే.

మనుమరాలు ఇప్పుడు ఉద్యోగంలో స్థిరపడింది. 2009లో తాతగారు ఒక నోటుపుస్తకం మొదటి పుటలో రాసుకున్న నాలుగు ప్రశ్నలను ఆమె తన బల్ల మీద అతికించుకున్నది. ‘ఇది కొన్నదా, కౌలుకు తెచ్చుకున్నదా? గడువు ఎన్నాళ్లు? నా రాతలను ఏ రూపంలో దాస్తుంది? ఇది లేనినాడు వాటిని మరొక చోట తెరవగలనా?’ కొత్త యంత్రం ఎప్పుడు కొన్నా ఆమె ముందుగా ఈ నాలుగింటికీ సమాధానాలు రాసుకుంటుంది. ఆ తరువాతనే ‘అంగీకరిస్తున్నాను’ అన్న చోట నొక్కుతుంది.